అలహాబాద్ మీదుగా ఆస్ట్రేలియా

గ్లోబు మీద లండన్‌కూ సిడ్నీకీ మధ్య దారం బిగించి పట్టుకుంటే అది సూచించే దూరం దాదాపు 17,000 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత నలభై వేలు కాబట్టి, ఏ రెండు ఊళ్ల మధ్యనైనా ఇరవై వేలకు మించి ఎడం ఉండే వీల్లేదు. ఆ లెక్కన ఇవి రెండూ ఒకదానికొకటి అందనంత దూరాన ఉన్న ఊళ్లు. ఆ దారం రష్యా, కజకిస్థాన్, చైనాల మీదుగా సాగి ఆస్ట్రేలియా చేరుతుంది. మన దేశాన్ని తాకనైనా తాకదు.

కానీ ఈ దారిన తొలి రోజుల్లో వెళ్లిన విమానాలన్నీ దాదాపుగా మన నేల మీద దిగినవే. కరాచీలో రాత్రి పడుకుని, అలహాబాద్‌లో పెట్రోలు పోయించుకుని, కలకత్తాలో ఇంజిన్లు చూసుకుని ముందుకు సాగినవే. ఇరవై ఎనిమిది రోజుల ప్రయాణం ఇరవై గంటల్లోపుకు వచ్చిన ఈ నూరేళ్ల కథను చాలామంది వేగం పెరిగిన కథగానే చెబుతారు. వేగం పాత్ర అందులో సగమే. మధ్యలో ఆగిన ఊళ్లు ఒక్కొక్కటిగా దారి నుంచి తప్పుకోవడమే మిగతా సగం. అలా తప్పుకున్న ఊళ్లలో మనవీ ఉన్నాయి కాబట్టి ఈ కథ మనకూ కొంత చెందుతుంది.

విమానానికి ముందు ఓడ. 1787 మే 13న పోర్ట్‌స్మత్ రేవు నుంచి ఖైదీలతో బయలుదేరిన పదకొండు ఓడలు బాటనీ బే చేరేసరికి 1788 జనవరి వచ్చింది. ఎనిమిది నెలలు పట్టింది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో వేగంగా నడిచే తెరచాప ఓడలు దాన్ని మూడు నెలల దాకా తెచ్చాయి. 1869లో సూయజ్ కాలువ తెరిచాక స్టీమర్లకు ఆరు వారాలు చాలింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసే నాటికి పరిస్థితి ఇదే. లండన్‌లో రాసిన ఉత్తరానికి సిడ్నీ నుంచి జవాబు రావాలంటే మూడు నెలలు ఎదురుచూడాలి.

1919లో ఆస్ట్రేలియా ప్రధాని బిల్లీ హ్యూస్ ప్రభుత్వం ఒక బహుమతి ప్రకటించింది. ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు ముప్ఫై రోజుల్లో విమానంలో వచ్చిన ఆస్ట్రేలియన్లకు పది వేల పౌండ్లు. అప్పటికి రైట్ సోదరులు ఎగిరి పదహారేళ్లే అయింది. దారి పొడవునా ఏరోడ్రోములు లేవు, వాతావరణం ముందుగా చెప్పేవాళ్లు లేరు, చాలాచోట్ల సరైన పటాలు కూడా లేవు. అయినా ఆరు విమానాలు బయలుదేరాయి. ఒకటి లండన్ శివార్లు దాటకుండానే కూలింది. ఇంకొకటి గ్రీసు దేశపు కోర్ఫూ దీవి దగ్గర సముద్రంలో పడింది. ఈ రెండింటిలో నలుగురు చనిపోయారు. బహుమతి గెలిచిన వారి పేర్లు చెప్పుకునేటప్పుడు ఈ నలుగురినీ తలుచుకోవడం న్యాయం.

గెలిచింది రాస్ స్మిత్, కీత్ స్మిత్ అనే అన్నదమ్ములు. వారితో పాటు జిమ్ బెన్నెట్, వాలీ షియర్స్ అనే ఇద్దరు మెకానిక్కులు. విమానం విక్కర్స్ వైమీ. యుద్ధంలో బాంబులు వేయడానికి తయారైన రెండు ఇంజిన్ల విమానం అది. పైలట్ కూర్చునే చోట పైకప్పు లేదు. నవంబరు 12న హౌన్స్‌లో నుంచి బయలుదేరి ఫ్రాన్స్ మీదుగా పోతుంటే మంచు నేరుగా మొహం మీద పడింది. ఇటలీ, క్రీట్, కైరో, డమాస్కస్, బస్రా, బందర్ అబ్బాస్ దాటుకుని కరాచీ చేరారు. అక్కడి నుంచి ఢిల్లీ, అలహాబాద్, కలకత్తా.

అలహాబాద్‌లో జరిగిన సంగతి రాస్ స్మిత్ తర్వాత రాసుకున్నాడు. విమానం కదలబోతుండగా మైదానంలోకి ఒక ఆబోతు చొరబడి, ఇంజిన్ల మోతకు బెదరకుండా నేరుగా విమానం మీదికే వచ్చింది. తిరుగుతున్న ప్రొపెల్లర్‌కు అది తగిలితే ప్రయాణం అక్కడితో సరి. మెకానిక్కు ఒకడు దిగి దాన్ని పక్కకు మళ్లించాక గాని విమానం లేవలేదు. కలకత్తాలో ఏరోడ్రోము లేదు. గుర్రప్పందేల మైదానమే దిగే చోటు. అక్కడి నుంచి లేస్తుండగా గద్దలు వచ్చి విమానానికి కొట్టుకున్నాయి. చెట్ల కొమ్మలను రాసుకుంటున్నంత తక్కువ ఎత్తులో ఉన్న క్షణమది. అదృష్టం బాగుండి ప్రొపెల్లర్ విరగలేదు.

అంతకంటే పెద్ద గండం జావా దీవిలోని సురబయాలో ఎదురైంది. పైకి గట్టిగా కనిపించిన నేల అడుగున బురద. విమానం చక్రాలు దిగబడ్డాయి. ఎంత లాగినా పది అడుగులు పోవడం, మళ్లీ కూరుకుపోవడం. చివరికి చుట్టుపక్కల గ్రామాల వాళ్లు తమ ఇళ్ల వెదురు తడికలు ఊడదీసి తెచ్చారు. వాటిని వరసగా పరిచి, తాళ్లతో, మేకులతో బిగించి దారి వేశారు. ఆ తడికల బాట మీద పరుగెత్తి వైమీ గాల్లోకి లేచింది. చరిత్ర పుస్తకాల్లో నలుగురి పేర్లే ఉంటాయి. ఆ ఇళ్ల గోడలు ఇచ్చిన వాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. వాళ్లు లేకపోతే గడువు లోపల ఆ విమానం డార్విన్ చేరేదే కాదు.

డిసెంబరు 10న డార్విన్‌లో దిగారు. మొత్తం 27 రోజుల 20 గంటలు. ప్రయాణించిన దూరం సుమారు 17,900 కిలోమీటర్లు. ఇందులో గాల్లో ఉన్నది 135 గంటలే. అంటే మొత్తం కాలంలో అయిదో వంతు మాత్రమే ఎగిరారు. మిగతా నాలుగు వంతులూ నేల మీదే గడిచాయి: ఇంజిన్లు విప్పి బిగించుకోవడం, డబ్బాలతో పెట్రోలు మోసి నింపుకోవడం, వాన వెలిసేదాకా కూర్చోవడం, తెల్లారేదాకా ఎదురుచూడడం. ఈ లెక్క గుర్తుంచుకుంటే తర్వాతి వందేళ్ల కథ సులువుగా అర్థమవుతుంది. బహుమతి సొమ్మును నలుగురూ సమానంగా పంచుకున్నారు. అన్నదమ్ములకు సర్ బిరుదులు వచ్చాయి. రాస్ స్మిత్, బెన్నెట్ ఇద్దరూ 1922లో మరో విమానాన్ని పరీక్షిస్తూ అది కూలి చనిపోయారు.

అదే పందెంలో ఆలస్యంగా బయలుదేరిన రే పేరర్, జాన్ మెకింటాష్‌ల ప్రయాణం ఇంకోలా నడిచింది. పాత ఒంటి ఇంజిన్ విమానంలో, దారిలో చెడిపోతూ, బాగుచేసుకుంటూ 206 రోజులకు 1920 ఆగస్టులో డార్విన్ చేరారు. పందెం ఎప్పుడో ముగిసింది. అయినా వెనక్కి తిరగలేదు.

ఈ పందెం వల్లే ఇంకో పని జరిగింది. వచ్చే విమానాలకు ఆస్ట్రేలియా లోపల దిగే చోట్లు వెతకమని పాల్ మెక్‌గిన్నెస్, హడ్సన్ ఫిష్ అనే ఇద్దరు మాజీ సైనికులను ప్రభుత్వం పంపింది. లాంగ్‌రీచ్ నుంచి డార్విన్ వైపు రోడ్లే లేని ఎడారి దారిలో నెలన్నరకు పైగా ఫోర్డు కారు నడుపుకుంటూ వెళ్లారు. ఈ దేశానికి కారు కంటే విమానమే దిక్కని ఆ ప్రయాణంలో వాళ్లకు తెలిసివచ్చింది. 1920 నవంబరులో వాళ్లు పెట్టిన కంపెనీయే క్వాంటాస్.

1930 మేలో ఆమీ జాన్సన్ అనే ఇరవై ఆరేళ్ల అమ్మాయి లండన్ పక్కనున్న క్రాయిడన్ నుంచి ఒంటరిగా బయలుదేరింది. లాయరు ఆఫీసులో టైపిస్టుగా పనిచేస్తూ విమానం నడపడం నేర్చుకున్న మనిషి. ఆరు రోజుల్లో కరాచీ చేరి అంతకు ముందున్న రికార్డును రెండు రోజులు తగ్గించింది. అలహాబాద్ చేరేలోగా పెట్రోలు అయిపోతుందని తెలిసి ఝాన్సీలో సైనికుల పరేడ్ మైదానంలో దిగింది. రంగూన్ దగ్గర దారి కనబడక ఇన్‌సెయిన్‌లోని ఒక సాంకేతిక విద్యాలయపు ఆటస్థలంలో దిగితే, విమానం గుంటలోకి దూసుకుపోయి రెక్క చిరిగింది, ప్రొపెల్లర్ విరిగింది. అక్కడివాళ్లు ఒక ఉపాయం చేశారు. యుద్ధం తర్వాత మిగిలిపోయిన విమానపు గుడ్డతో కుట్టించుకున్న చొక్కాలు వాళ్ల దగ్గర ఉన్నాయి. వాటిని విప్పి రెక్కకు అతికి కుట్టారు. మే 24న ఆమీ డార్విన్‌లో దిగింది. పంతొమ్మిదిన్నర రోజులు. పదిహేనున్నర రోజుల పాత రికార్డును అందుకోలేకపోయానని ఆమె బాధపడింది గాని, ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా ఎగిరిన తొలి మహిళగా లోకమంతా ఆమెను నెత్తిన పెట్టుకుంది.

సాహసికులు ఎగరడం వేరు, టికెట్ కొన్న ప్రయాణికుణ్ణి చేర్చడం వేరు. రెండో పని చాలా నెమ్మదిగా సాగింది. దానికి ఇంజిన్ల కంటే దేశాల అనుమతులు పెద్ద అడ్డు. బ్రిటన్‌కు చెందిన ఇంపీరియల్ ఎయిర్‌వేస్ 1929 మార్చిలో లండన్ నుంచి కరాచీకి సర్వీసు మొదలుపెట్టింది. పర్షియా తన తీరం మీదుగా పోవద్దంటే 1932లో దారిని గల్ఫ్‌కు అవతలి ఒడ్డుకు మార్చుకుని షార్జాలో ఆగడం మొదలుపెట్టారు. ఎడారి మధ్య కోటలాంటి విశ్రాంతి గృహం కట్టి రాత్రిళ్లు ప్రయాణికులను అందులో పడుకోబెట్టేవారు. ఇటలీతో పేచీ వల్ల ఇంకా విచిత్రమైన ఏర్పాటు చేసుకున్నారు. ప్రయాణికులు లండన్ నుంచి పారిస్ దాకా విమానంలో వెళ్లి, అక్కడ రైలెక్కి ఇటలీ కొస దాకా ప్రయాణించి, బ్రిండిసీ రేవులో మళ్లీ విమానం ఎక్కేవారు. విమానం టికెట్ కొన్నవాళ్లు యూరప్‌ను రైల్లో దాటారన్నమాట.

కరాచీకి వచ్చిన లండన్ టపా దక్షిణాదికి చేరడానికి మార్గం వేసింది టాటాలు. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి చిన్న పస్ మాత్ విమానంలో ఉత్తరాల సంచులు తెచ్చాడు. బొంబాయి నుంచి నెవిల్ విన్సెంట్ వాటిని బళ్లారి మీదుగా మద్రాసు తీసుకెళ్లాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలన్నీ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. లండన్‌లో చదువుకుంటున్న కొడుకు జాబు ఇంటికి చేరడానికి పట్టే కాలం ఆ ఒక్క సర్వీసుతో కొన్ని రోజులు తగ్గింది.

1934 అక్టోబరులో జరిగిన ఇంకో పందెం ప్రయాణికుల విమానాల రాతను మార్చింది. మెల్బోర్న్ నగరం నూరేళ్ల పండుగకు మాక్‌ఫర్సన్ రాబర్ట్‌సన్ అనే చాక్లెట్ల వ్యాపారి సొమ్మిచ్చాడు. ఇంగ్లండ్‌లోని మిల్డెన్‌హాల్ నుంచి మెల్బోర్న్ దాకా పరుగు. తప్పకుండా దిగాల్సిన చోట్లు అయిదు: బాగ్దాద్, అలహాబాద్, సింగపూర్, డార్విన్, చార్ల్‌విల్. ఆ రోజుల్లో ప్రపంచ పత్రికల్లో అలహాబాద్ పేరు వచ్చింది. బమ్రౌలీ ఏరోడ్రోములో విమానాలు ఒకదాని వెనక ఒకటి దిగాయి. గెలిచింది స్కాట్, క్యాంప్‌బెల్ బ్లాక్ నడిపిన ఎర్రటి డి హావిలాండ్ కామెట్. పందెం కోసమే ప్రత్యేకంగా చేసిన ఆ విమానం 71 గంటల్లో మెల్బోర్న్ చేరింది. పదిహేనేళ్ల కిందటి నాలుగు వారాలు మూడు రోజులయ్యాయి.

అసలు పాఠం మాత్రం రెండో స్థానంలో వచ్చిన విమానం నేర్పింది. డచ్చి కంపెనీ కె.ఎల్.ఎం. పంపిన డగ్లస్ డీసీ-2 అది. పేరు ఊవర్. పందెం విమానం కాదు, రోజూ జనాన్ని తిప్పే మామూలు విమానం. ముగ్గురు ప్రయాణికులు, ఉత్తరాల సంచులు కూడా అందులో ఉన్నాయి. మెల్బోర్న్ ఇంకొంత దూరం ఉందనగా రాత్రి గాలివానలో దారి తప్పింది. కింద ఆల్బరీ అనే చిన్న ఊరు. తమ నెత్తిన విమానం చక్కర్లు కొడుతున్న చప్పుడు విని ఊరివాళ్లకు విషయం తెలిసింది. ఊరి కరెంటు చూసే ఇంజినీరు మొత్తం ఊరి దీపాలను ఆర్పుతూ వెలిగిస్తూ మోర్స్ సంకేతాల్లో ఊరి పేరు చెప్పాడు. స్థానిక రేడియోలో, కార్లున్న వాళ్లంతా గుర్రప్పందేల మైదానానికి రమ్మని పిలుపు వచ్చింది. వానలో వచ్చిన కార్లు మైదానం అంచున బారులు తీరి హెడ్‌లైట్లు వేశాయి. ఆ వెలుతురులో ఊవర్ క్షేమంగా దిగింది. తెల్లారాక బురదలో కూరుకుపోయిన విమానాన్ని ఊరివాళ్లంతా తాళ్లు కట్టి లాగారు. రెండో స్థానం దక్కింది. సురబయాలో తడికలు, ఇన్‌సెయిన్‌లో చొక్కాలు, ఆల్బరీలో కార్ల దీపాలు. ఈ దారిని నడిపింది పైలట్లు మాత్రమే అనడం ఎంత అన్యాయమో ఈ మూడూ చాలు చెప్పడానికి.

ఆ పందెం ముగిసిన రెండు నెలలకే, 1934 డిసెంబరులో, లండన్–బ్రిస్బేన్ మధ్య టపా విమానాలు మొదలయ్యాయి. 1935 ఏప్రిల్ నుంచి ప్రయాణికులను ఎక్కించుకున్నారు. పన్నెండున్నర రోజుల ప్రయాణం, టికెట్ 195 పౌండ్లు. దారి పొడవు ఇరవై వేల కిలోమీటర్లకు పైనే. దారం బిగించి కొలిచిన దూరం కంటే ఇది బాగా ఎక్కువ. ఎందుకంటే విమానం ఒక్క గుక్కలో కొన్ని వందల కిలోమీటర్లే పోగలదు. బ్రిటిష్ జెండా ఎగిరే చోటో, స్నేహంగా ఉండే చోటో చూసుకుంటూ మెట్లు మెట్లుగా పోవాలి. అందుకే దారి కరాచీ, జోధ్‌పూర్, ఢిల్లీ, అలహాబాద్, కలకత్తా, రంగూన్, సింగపూర్ అంటూ వంకరలు తిరిగింది. కరాచీ నుంచి తూర్పు ముక్కను నడపడానికి భారత ప్రభుత్వానికి కూడా వాటా ఉన్న ఇండియన్ ట్రాన్స్ కాంటినెంటల్ ఎయిర్‌వేస్ అనే కంపెనీని 1933లో పెట్టారు.

1938లో ఈ దారిలోకి నీటి మీద దిగే పెద్ద విమానాలు వచ్చాయి. నాలుగు ఇంజిన్ల షార్ట్ ఎంపైర్ ఫ్లయింగ్ బోట్లు. రన్‌వే అక్కర్లేదు. చెరువో, నదో, ప్రశాంతంగా ఉన్న రేవో చాలు. ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ రేవు నుంచి సిడ్నీలోని రోజ్ బే దాకా తొమ్మిది పది రోజులు. మన దగ్గర గ్వాలియర్ చెరువులో, అలహాబాద్ నదిలో, కలకత్తా హుగ్లీలో దిగేవి. పదిహేను మంది ప్రయాణికులకు లేచి తిరగడానికి చోటు, కిటికీల పక్కన నిలబడి కిందికి చూడడానికి ఒక వసారా. తక్కువ ఎత్తులో పోయేవి కాబట్టి కింద పొలాలు, ఊళ్లు, ఏనుగులు స్పష్టంగా కనబడేవి. పొద్దుగూకితే దిగి హోటల్లో భోంచేసి పడుకోవడం, తెల్లవారుజామున మళ్లీ ఎక్కడం. విమాన ప్రయాణ చరిత్రలో ఇంత సుఖమైన అధ్యాయం ఇంకొకటి లేదు. అది కొద్దిమంది డబ్బున్నవాళ్ల సుఖమేనన్నదీ నిజమే.

ఆ సుఖం నాలుగేళ్లు కూడా నిలవలేదు. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాను చేతికి చిక్కింది. దారి నడిమికి తెగింది. ఆస్ట్రేలియాకూ బ్రిటన్‌కూ మధ్య విమానం పోవాలంటే మిగిలింది ఒక్కటే మార్గం. ఆస్ట్రేలియా పడమటి కొసన ఉన్న పెర్త్ నుంచి సింహళంలోని కొగ్గల దాకా, దాదాపు 5,650 కిలోమీటర్ల హిందూ మహాసముద్రాన్ని ఎక్కడా ఆగకుండా దాటడం. మధ్యలో జపాను విమానాలు తిరిగే ప్రాంతం.

1943 జూన్‌లో క్వాంటాస్ ఆ పనికి పూనుకుంది. అయిదు కాటలీనా విమానాలు. నక్షత్రాలను చూసుకుంటూ దారి పట్టేవి కాబట్టి వాటికి నక్షత్రాల పేర్లే పెట్టారు. శత్రువుకు తెలియకూడదని వైర్‌లెస్ నోరు మూసుకునేది. కాటలీనా గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఎదురుగాలిని బట్టి ప్రయాణం 27 నుంచి 33 గంటల దాకా సాగేది. లోపలి ఖాళీ అంతా పెట్రోలు ట్యాంకులే. వాటి బరువుకు ముగ్గురు ప్రయాణికులకు, డెబ్భై కిలోలలోపు టపాకు మాత్రమే చోటు. తుపాకులు లేవు. ఇంజిన్ ఒకటి ఆగిపోతే ఆ బరువుతో తొలి గంటల్లో ఎగరడం అసాధ్యం. ఒక్క ప్రయాణంలోనే రెండుసార్లు సూర్యోదయం కనబడేది. అందుకే ప్రయాణికులకు డబుల్ సన్‌రైజ్ పేరుతో ఒక యోగ్యతా పత్రం ఇచ్చేవారు. 1945 జూలై దాకా ఇలా 271 సార్లు సముద్రం దాటారు. ఒక్క ప్రాణమూ పోలేదు. ఈ దారి మొత్తం చరిత్రలో దీన్ని మించిన ఘనకార్యం లేదు. జెట్ ఇంజిన్ల గురించి రాసే పేజీల్లో పదో వంతయినా వీళ్లకు దక్కాలి.

యుద్ధం అయిపోయాక 1947 డిసెంబరు 1న క్వాంటాస్ వారి లాక్‌హీడ్ కాన్‌స్టలేషన్ సిడ్నీ నుంచి లండన్‌కు బయలుదేరింది. 29 మంది ప్రయాణికులు, 11 మంది సిబ్బంది. డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీ. ఆరు చోట్ల ఆగుతూ నాలుగు రోజులు. కంగారూ రూట్ అన్న పేరు స్థిరపడింది దీనితోనే. కంగారూలా గెంతులు గెంతులుగా పోయే దారి మరి. గాల్లో సుమారు 55 గంటలు. 1919లో అయిదో వంతున్న ఎగిరే కాలం ఇప్పుడు సగం దాటింది. రానూపోనూ టికెట్ 585 పౌండ్లు, ఆస్ట్రేలియాలో సగటు కార్మికుడి ఏడాది సంపాదన కంటే ఎక్కువ. అదే సమయంలో ప్రభుత్వ సాయంతో ఆస్ట్రేలియాకు వలస వెళ్లే బ్రిటిష్ కుటుంబాలు పెద్దవాళ్లకు తలకు పది పౌండ్లు కట్టి ఓడల్లో వారాల తరబడి ప్రయాణించేవి. దూరం అందరికీ ఒకటే. కాలాన్ని మాత్రం డబ్బు పెట్టి కొనుక్కోవాల్సి వచ్చేది.

1959లో బోయింగ్ 707 జెట్లు ఈ దారికి వచ్చాయి. గంటకు తొమ్మిది వందల కిలోమీటర్ల వేగం. నాలుగు రోజుల ప్రయాణం రెండు రోజుల లోపుకు వచ్చింది. ఇక్కడొక సంగతి గమనించాలి. ఈ రోజు సిడ్నీ వెళ్లే విమానం వేగం కూడా దాదాపు అంతే. అరవై ఏళ్లకు పైగా ప్రయాణికుల విమానం వేగం పెరగనే లేదు. పెరగగలదని చూపిన కాంకార్డ్ 1977 చివర్లో లండన్ నుంచి సింగపూర్ దాకా వచ్చింది. ధ్వని వేగాన్ని దాటేటప్పుడు వచ్చే పేలుడు లాంటి మోత తమ మీద పడకూడదని మలేషియా అభ్యంతరం చెబితే మూడు ట్రిప్పులకే ఆగింది. తర్వాత మళ్లీ మొదలై 1980లో పూర్తిగా నిలిచిపోయింది. ఆస్ట్రేలియా దాకా ఆ సర్వీసు రానే లేదు.

వేగం అక్కడే నిలిచిపోయినా కాలం ఎలా తగ్గుతూ వచ్చింది? ఆగడం మానేయడం వల్ల. 1971లో క్వాంటాస్‌కు వచ్చిన బోయింగ్ 747 మూడు నాలుగు వందల మందిని ఎక్కించుకుని, పాత విమానాల కంటే చాలా దూరం పోగలిగింది. టికెట్ ధర మధ్యతరగతికి అందేలా దిగింది. వలస ఓడలకు కాలం చెల్లింది. ట్రిపోలీ పోయింది, కైరో పోయింది, కరాచీ, కలకత్తా పోయాయి. అలహాబాద్ అయితే ఎప్పుడో దారి నుంచి తప్పుకుంది. ఒకప్పుడు ఖండాలను దాటే విమానాలకు కూడలిగా ఉన్న బమ్రౌలీ ఈనాడు దేశంలోని ఊళ్లకు విమానాలు నడిచే ఎయిర్‌పోర్టు. చివరికి లండన్–సిడ్నీ మధ్య ఒక్క మజిలీ మిగిలింది. సింగపూరో, బ్యాంకాకో, తర్వాతి కాలంలో దుబాయో.

ఆ ఒక్కటి కూడా లేకుండా పోగలమని 1989 ఆగస్టులో క్వాంటాస్ నిరూపించింది. కొత్త బోయింగ్ 747-400 విమానం లండన్ నుంచి బయలుదేరి ఎక్కడా ఆగకుండా 20 గంటల 9 నిమిషాల్లో సిడ్నీలో దిగింది. అయితే అది వ్యాపారం కాదు. నాలుగు వందల మంది పట్టే విమానంలో పాతిక మంది కూడా లేరు. ఇంధనాన్ని మామూలు కన్నా చిక్కగా ఉండేట్టు ప్రత్యేకంగా తయారుచేయించారు. రన్‌వే దాకా ఇంజిన్ల మీద పోతే ఇంధనం ఖర్చవుతుందని ట్రాక్టరుతో లాక్కెళ్లి నిలబెట్టారు. లండన్ నుంచి సిడ్నీకే వెళ్లడంలోనూ లెక్క ఉంది. పై ఆకాశంలో గాలులు పడమర నుంచి తూర్పుకు వీస్తాయి. సిడ్నీ వైపు పోయే విమానాన్ని అవి వెనక నుంచి నెడతాయి, లండన్ వైపు వచ్చే విమానానికి ఎదురొడ్డుతాయి. ఒకే దూరానికి రానూపోనూ కాలాలు వేరుగా ఉండడానికి కారణం అదే.

జనం నిండిన విమానం ఆస్ట్రేలియా నుంచి ఆగకుండా బ్రిటన్ చేరింది 2018 మార్చి 25న. బయలుదేరింది సిడ్నీ నుంచి కాదు, పెర్త్ నుంచి. 14,498 కిలోమీటర్లు, పదిహేడు గంటలు, బోయింగ్ 787-9. మరుసటి ఏడాది నవంబరులో అదే రకం విమానం యాభై మందికి కొంచెం పైగా జనంతో లండన్ నుంచి సిడ్నీకి 19 గంటల 19 నిమిషాల్లో వచ్చింది. ఎగిరిన దూరం 17,800 కిలోమీటర్లు. గాలులను బట్టి దారి మార్చుకోవడంతో దారం కొలత కంటే అంత ఎక్కువైంది. ఈసారి పరీక్ష విమానానికి కాదు, మనిషికి. అంతసేపు మేలుకుని నడిపితే పైలట్ల మెదడు ఎలా ఉంటుంది, ప్రయాణికులకు దీపాలు ఎప్పుడు ఆర్పాలి, భోజనం ఎప్పుడు పెట్టాలి అన్నవి అందులో పరిశీలించారు. ఆ ప్రయత్నానికి ప్రాజెక్ట్ సన్‌రైజ్ అని పేరు పెట్టడం కాటలీనాల వాళ్లకు కంపెనీ చెల్లించిన గౌరవం. ఇలా ఆగకుండా నడిపే సర్వీసు కోసం 2022 మేలో పన్నెండు ఎయిర్‌బస్ ఏ350-1000 విమానాలకు ఆర్డరిచ్చారు. మామూలుగా మూడు వందలకు పైగా పట్టే ఆ విమానంలో ఇరవై వేల లీటర్ల అదనపు ట్యాంకు పెట్టి, సీట్లు 238కి తగ్గించారు.

ఇంత దూరం వచ్చాక కూడా పాత కష్టం ఒకటి వెంటాడుతూనే ఉంది. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన 2022 నుంచి చాలా యూరప్ దేశాల విమానాలకు రష్యా ఆకాశం మూతపడింది. 2024లో ఇరాన్ వైపు ఉద్రిక్తత పెరిగినప్పుడు పెర్త్ నుంచి లండన్ వెళ్లే విమానం దారి మళ్లించుకుని, ఇంధనం కోసం సింగపూర్‌లో ఆగి వెళ్లింది. పర్షియా వద్దంటే షార్జాకు మళ్లిన 1932 నాటి విమానానికీ దీనికీ ఈ విషయంలో తేడా లేదు. రెండు నగరాల మధ్య ప్రయాణ కాలాన్ని ఇప్పటికీ ఇంజినీర్లతో పాటు ప్రభుత్వాలూ నిర్ణయిస్తున్నాయి.

హైదరాబాద్ నుంచి సిడ్నీలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రుల్లో చాలామంది ఇవాళ సింగపూర్‌లో విమానం మారుతున్నారు. 1935లో లండన్ నుంచి కరాచీ, అలహాబాద్, కలకత్తాల మీదుగా వచ్చిన ప్రయాణికులు బ్రిస్బేన్ వెళ్లే క్వాంటాస్ విమానంలోకి మారింది కూడా సింగపూర్‌లోనే.